ఎలిశబెతు టీచరు నేర్పిన మొద్దు ఆట

మైపాడుకు దక్షిణాన, సముద్రం ఒడ్డునే ఉన్న పట్టపుపాళెం స్కూలుకు నన్ను వేసినట్టు ఆర్డరు రాగానే మా నాయన అలిగి కూర్చున్నాడు. 1959 నాటి మాట. మాది కోవూరు పక్క వరి పొలాల ఊరు. "ఆ ఇసకలో, ఆ ఉప్పుగాలిలో ఆడబిడ్డ ఎట్ట ఉంటుంది" అని ఆయన బాధ. నాకు ఓర్పు తక్కువ, మొండితనం ఎక్కువ. ఎవరైనా వద్దన్నారంటే నా కాళ్లు అటే నడుస్తాయి. ఇందుకూరుపేట దాకా బస్సులో, అక్కడి నుంచి ఎద్దుల బండిలో పోయి దిగాను.

నాకంటే ముందే అక్కడికి వచ్చి ఉన్న టీచరు ఎలిశబెతు. పొట్టి మనిషి. ఎప్పుడూ ఏదో లెక్క తెగనట్టు నొసలు ముడుచుకుని ఉండేది. ఆ స్కూలుకు మేమిద్దరమే. ఒకటీ రెండూ తరగతులు నావి, మిగతావి ఆమెవి. ఊరివాళ్లు ఇచ్చిన పూరింట్లో ఇద్దరం కాపురం పెట్టాం. వేరే పొయ్యి మీద వండుకోవాలని మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది గానీ, ఎలిశబెతక్క రొయ్యల పులుసు వాసన తగిలాక ఆ ఒట్టును తీసి గట్టు మీద పెట్టాను.

ఆమెకు నా అన్నవాళ్లు లేరు. పసితనంలోనే తల్లి పోతే నెల్లూరు మిషన్ హాస్టల్లో పెరిగింది. అక్కడివాళ్లు చదవమన్న చదువు చదివింది, చేరమన్న ట్రైనింగులో చేరింది. ఆ తర్వాత ఉద్యోగం ఆమెను ఊళ్లు తిప్పింది. ఉదయగిరి దాకా పోయింది, వెంకటగిరి పక్కకు వచ్చింది. ఏ ఊళ్లోనూ ఆమె నాటిన ములగచెట్టు కాయలు ఆమె తినలేదు. పాళెంలో మాత్రం ఎందుకోగానీ మనసు కుదిరింది. పాళేనికి పెద్దమనిషిని పెద్దకాపు అంటారు; ఆ పెద్దకాపు ఓబయ్య తల్లి పోలేరమ్మ దారిన పోతూ "ఏమే కూతురా, తిన్నావా" అని అరిచేది. అమావాస్య నాడు వేట లేనప్పుడు ఆడవాళ్లు మా పంచలో చేరి తలలు దువ్వుకునేవాళ్లు. ఒకరోజు గిన్నెలు తోముతూ ఎలిశబెతక్క నాతో అంది, "శేషా, నన్ను ఇంకో ఊరికి వెయ్యకుండా ఉంటే చాలు. ఇంకేమీ అడగను దేవుణ్ణి." నాకు నవ్వొచ్చింది. చుట్టూ ఇసక, తాగేందుకు ఉప్పగా తగిలే నీళ్లు. ఇదేం కోరిక అనుకున్నాను. ఆమె మొహం చూశాక నవ్వు ఆపుకున్నాను.

1963 వేసవిలో పంతుళ్లందరికీ నెల్లూరులో శిక్షణ పెట్టారు. రేకుల షెడ్డు, మధ్యాహ్నం ఎండ, కడుపునిండా సాంబారన్నం. సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. కాలేజీలో లెక్కలు చెప్పే జీవానందం గారు అప్పుడే బొంబాయి పోయి, లెక్కలు చేసే ఓ పెద్ద యంత్రాన్ని చూసి వచ్చాడట. దాని గురించి చెప్పాడు. "అంత మొద్దు శిష్యుడు మీకు ఎక్కడా దొరకడు. చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. చెప్పకుండా వదిలేసింది ఊహించుకోదు. దానితో పని చేయించుకోవాలంటే ముందు మనం ఏమి ఆలోచిస్తున్నామో మనకే తెలియాలి" అన్నాడు. నేనైతే, మా స్కూలుకు నల్లబల్లే సరిగ్గా లేదు, యంత్రం సంగతి మాకెందుకయ్యా అని విసుక్కున్నాను. పక్కకు తిరిగి చూస్తే ఎలిశబెతక్క నిటారుగా కూర్చుని వింటోంది. తిరిగొచ్చే దోవలో బస్సులో కూడా ఆమెకు అదే ఆలోచన.

స్కూలు తెరిచిన వారంలోనే ఆమె క్లాసులోనుంచి గోల. పోయి చూద్దును కదా, టీచరమ్మ చేతిలో ఖాళీ గ్లాసు పట్టుకుని మంచినీళ్ల కుండ ముందు బొమ్మలాగా నిలబడి ఉంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. "నీళ్లు ముంచండి టీచరమ్మా" అని ఓబయ్య కొడుకు చిన్నపోలయ్య అరిచాడు. ఆమె గ్లాసును తెచ్చి టంగుమని కుండ మూత మీద పెట్టింది. "మూత తియ్యమని నువ్వు చెప్పలేదు గదయ్యా" అంది. అదీ మొద్దు ఆట మొదలు. ఒకరు మొద్దు అవుతారు, ఒకరు పని చెప్తారు. మొద్దు చెప్పింది చెయ్యాలి, చెప్పనిది చెయ్యకూడదు. పని చెడిపోతే తప్పు మొద్దుది కాదు, చెప్పినవాళ్లది. నవ్వేది కూడా చెప్పినవాళ్లనే.

చూస్తే పిల్లచేష్టే. కానీ నేను పక్క గదిలో నుంచి వింటూనే ఉన్నాను. తీసివేతలో పక్క స్థానం నుంచి తెచ్చుకోవడం నేను రెండో తరగతిలో బెత్తం పట్టుకుని నేర్పినదే. అదే లెక్కను మొద్దుకు చెప్పబోతే పిల్లలు తడబడ్డారు. "పక్కనోడి కాడ నుంచి ఒకటి తీసుకో" అన్నాడొకడు. "పక్కనోడి కాడ సున్న ఉండాది" అంది మొద్దు. కాసేపటికి కామమ్మ అనే పిల్ల లేచి, "అట్టయితే వాణ్ణి వాడి పక్కనోడి కాడికి పొమ్మను. ఆడా సున్న ఉంటే ఇంకా అవతలికి. ఉండేవాడు దొరికిందాకా పొమ్మను" అంది. బెత్తం చేతిలో ఉన్నదాన్ని నేనే బిత్తరపోయాను. చేయడం వాళ్లకు నేనూ నేర్పాను. ఎలా చేస్తున్నారో చూసుకోవడం ఆమె నేర్పింది. ఒప్పుకోవడానికి నాకు కొంచెం కడుపుమంటగానే ఉండింది.

చేతిపనుల గంటలో నూలు వడకాలని పైవాళ్ల ఉత్తర్వు. పాళెంలో రాట్నం ఎవరిక్కావాలి? ఎలిశబెతక్క దాన్ని వల అల్లే గంటగా మార్చింది. ఒక చేతిలో దారం చుట్టిన సూది, ఇంకో చేతిలో కన్ను కొలతకు ఎదురుబద్ద, అంటే వెదురు ముక్క; వల కన్నుకు ముడి వేయడం మొద్దుకు నోటితో చెప్పి చేయించాలి. ఇందులో కామమ్మను మించినవాళ్లు లేరు. ఎవరు మొద్దుగా కూర్చున్నా ఆమె మాటల్తోనే ముడి బిగిసేది.

ఇక్కడ పాళెం తీరు ఒకటి చెప్పాలి. ఆ ఊళ్లో వల బాగుచేసుకునే మగవాళ్లంతా ఉత్తరానికి మొహం పెట్టి కూర్చుంటారు. దక్షిణపు గాలి వీపుకు కొడితే దారం మొహాన పడదని వాళ్ల పద్ధతి. అలా కూర్చుంటే ఒక చేతి వైపు సముద్రం, ఒక చేతి వైపు ఊరు. అందుకని వాళ్ల నోట కుడి, ఎడమ అన్న మాటలే రావు. అన్నిటికీ సముద్రం పక్క, ఊరి పక్క. నేను వచ్చిన కొత్తలో ఒక పిల్ల "టీచరమ్మా, మీ సముద్రం పక్క బుజం మీద చీమ పాకుతుండాది" అంటే, ఎటు చూసుకోవాలో తెలియక నా చుట్టూ నేనే తిరిగాను. తర్వాత అలవాటైపోయింది. ఎంతగా అంటే, అది వింత అని కూడా మరిచిపోయాం, ఇద్దరమూ.

చిక్కు ఇంకోచోట నుంచి వచ్చింది. చిన్నపోలయ్య మొద్దుగా బాగా చేసేవాడు. దాంతో పిల్లలు వాణ్ణి ఒడ్డున కూడా "ఒరే మొద్దూ" అని పిలవసాగారు. పోలేరమ్మ విని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఓబయ్య పెద్దకాపు, మాట పడే మనిషి కాదు. నేరుగా ఇందుకూరుపేట సమితి ఆఫీసుకు పోయి, "ఆ టీచరమ్మ చదువు మానేసి బిడ్డల్ని మొద్దుల్ని చేస్తుండాది. ఆమెను మార్చండి" అని చెప్పి వచ్చాడు. ఎలిశబెతక్క ఓబయ్య ఇంటికి పోయి నచ్చజెప్పబోయింది. "మా బిడ్డకు చదువు రాకుంటే రాకపాయె. వాణ్ణి మొద్దు అనిపించేదానికి నేను బడికి పంపలేదమ్మా" అన్నాడు ఓబయ్య. ఆ మాటలోనూ అన్యాయం లేదు.

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడనీ, ఫిర్యాదు నిజమైతే బదిలీ చేసి పోతాడనీ కబురొచ్చింది. నేను మండిపడ్డాను. "అక్కా, ఆ ఆట ఆపెయ్. పిల్లల చేత ఎక్కాలు చెప్పించు. ఆయన తలూపి పోతాడు. నీకు కావాల్సింది ఈ ఊళ్లో ఉండటం, అంతే గదా" అన్నాను. ఆమె చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. "ఈ ఆటలో వాళ్లకు తప్పంటే భయం పోయింది శేషా. తప్పు ఎక్కడుండాదో వాళ్లే ఎతుక్కుంటుండారు. ఇప్పుడు ఆపితే, తప్పు చేసినామని నేనే చెప్పినట్టు గదా" అంది. నేను కోపంతో ఆ పూట అన్నం తినలేదు. నా మొండితనం ఆమెకు అంటుకుందేమో అనిపించింది.

ఇన్‌స్పెక్టరు రంగనాయకులు గారు సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చాడు. ఇసకలో సైకిలు తోసుకుంటూ వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పి దులిపితే చిన్న కుప్ప పడింది. మనిషి చెడ్డవాడేమీ కాదు గానీ, వచ్చిన పని తొందరగా ముగించి బస్సు అందుకోవాలని చూస్తున్నాడు. ఓబయ్య, పోలేరమ్మ, ఇంకొందరు గోడవారగా నిలబడ్డారు. చిన్నపిల్లల్ని బయట ఇసకలో అక్షరాలు దిద్దమని కూర్చోబెట్టి నేనూ వచ్చాను.

"ఏందమ్మా ఈ మొద్దు ఆట?" అన్నాడాయన.

ఎలిశబెతక్క రెండు మాటల్లో చెప్పింది. ఆయన పెదవి విరిచాడు. "సరే, చూపించండి. మొద్దు ఎవరు?"

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఓబయ్య ఎదురుగా ఉంటే చిన్నపోలయ్య లేవలేదు, ఇంకెవరూ లేవలేదు. ఇన్‌స్పెక్టరు గారికి ఏం తోచిందో ఏమో, "ఎవరూ లేకుంటే నేనే. నాకు వల అల్లడం రాదు. నాకంటే మంచి మొద్దు మీకెక్కడ దొరుకుతాడు" అన్నాడు. పోలేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కామమ్మ లేచింది. పిల్లలు నల్లబల్లకు ఎదురుగా, అంటే ఉత్తరంగా తిరిగి కూర్చున్నారు. టీచరు కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టరు గారు వాళ్లకు ఎదురుగా ఉన్నాడు. దూలానికి కట్టిన వల ముక్క ఆయన ముందు వేలాడుతోంది.

"అన్నం తినే చేత్తో సూది పట్టుకోండి సార్. ఇంకో చేత్తో ఎదురుబద్ద పట్టుకోండి" అంది కామమ్మ. ఆయన పట్టుకున్నాడు. "సూదిని పై కన్నులో కింద నుంచి పైకి తియ్యండి. దారం బద్దకు ఆనిందాకా లాగి, బొటనేలితో నొక్కండి." నొక్కాడు. "ఇప్పుడు దారాన్ని ఊరి పక్కకి చుట్టగా వెయ్యండి. సూదిని సముద్రం పక్క నుంచి కన్ను ఎనకమాల దూర్చి, ఆ చుట్టలోంచి తీసి లాగండి."

ఆయన తల తిప్పి ఊరు ఎటుందో, సముద్రం ఎటుందో చూసుకుని, పాపం ఎంతో నిజాయితీగా చెప్పింది చెప్పినట్టే చేశాడు. లాగాడు. ముడి జర్రున జారి దారం చేతికొచ్చింది.

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆట రూలు ప్రకారం వాళ్లు నవ్వింది కామమ్మను చూసి. ఆ సంగతి ఇన్‌స్పెక్టరు గారికి ఎలా తెలుస్తుంది? ఆయన మొహం జేవురించింది. బద్దను బల్ల మీద పెట్టాడు. "పెద్దవాళ్లను చూసి నవ్వడమా మీరు నేర్పింది?" అన్నాడు. ఓబయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. ఇక ఎలిశబెతక్క పెట్టె సర్దుకోవాల్సిందే అనుకున్నాను.

"మిమ్మల్ని కాదు సార్" అన్నాడు చిన్నపోలయ్య వెనక నుంచి. తండ్రి చూస్తున్నాడని కూడా మరిచిపోయినట్టున్నాడు. "మొద్దు మీద తప్పు ఉండదు సార్. కామమ్మ తప్పు జెప్పింది. దాన్ని చూసి నవ్వినాము."

కామమ్మ మాత్రం నవ్వులు పట్టించుకోలేదు. ఆయన చేతుల్ని, కిటికీ అవతలి సముద్రాన్ని, తన చేతుల్ని మార్చి మార్చి చూస్తోంది. ఉన్నట్టుండి మొహం విప్పారింది. "సార్, మీరు అటు తిరిగి కూసుండారు. ఇటు తిరిగి, మా మాదిరి కూసోండి. ముడి పడుతుంది."

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీ జరపబోయాడు. "వద్దు సార్, అట్టనే ఉండండి" అంది ఎలిశబెతక్క. "కామమ్మా, మనిషిని తిప్పొద్దు. నీ మాట మార్చు."

అప్పుడు నాకూ తెలిసింది. కామమ్మ సగం ముడి చేతుల్ని బట్టి చెప్పింది, సగం సముద్రాన్ని బట్టి చెప్పింది. ఉత్తరానికి తిరిగి కూర్చున్నవాడికి ఆ రెండూ కలుస్తాయి. దక్షిణానికి తిరిగినవాడికి తలకిందులవుతాయి. పాళెంలో పుట్టిన ఎవరికీ ఈ తప్పు కనిపించదు, ఎందుకంటే అక్కడ ఎవరూ అటు తిరిగి కూర్చోరు. ఇన్ని నెలలు ఆడిస్తున్న ఎలిశబెతక్కకూ కనిపించలేదు.

కామమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదిలించింది. వేళ్లతో గాలిలోనే ముడి వేసుకుంది. "దారాన్ని, బద్ద పట్టుకున్న చేతి పక్కకి చుట్టగా వెయ్యండి" అంది మెల్లగా. "సూదిని, సూది పట్టుకున్న చేతి పక్క నుంచి ఎనకమాల దూర్చి, చుట్టలోంచి తీసి లాగండి."

ఆయన లాగాడు. ముడి బిగిసింది. ఇంకా గట్టిగా లాగాడు, కదల్లేదు. ఓబయ్య వచ్చి, అడక్కుండానే వల ముక్కను రెండు చేతులా పట్టుకుని గుంజి చూశాడు. పుట్టినప్పటినుంచి వలల్లో బతికినవాడు. "బాగుండాది" అన్నాడు.

"నీ ఫిర్యాదు సంగతేంది ఓబయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఓబయ్య మెడ రుద్దుకున్నాడు. "తమరే మొద్దుగా కూసున్నాక, మావోడు కూసుంటే తక్కువేముండాది సార్. ఆమెను ఉండనీండి."

నేను ఊపిరి వదిలేలోపలే రంగనాయకులు గారు, "ఈమెను ఇక్కడ ఉంచను" అన్నాడు. ఆయన ఎంతో సంతోషంగా చెప్పుకుపోతున్నాడు. "ఇన్నేళ్లుగా స్కూళ్లు చూస్తుండాను. తప్పు చేసిన పిల్లలు ఏడుస్తారు, లేదంటే పక్కవాడి మీదకు తోస్తారు. తన మాటను తనే విప్పి చూసుకుని సరిచేసుకున్న పిల్లను ఈ పొద్దే చూసినాను. మీరు నెల్లూరులో పంతుళ్లకు నేర్పాల్సిన మనిషమ్మా. ట్రైనింగు స్కూలుకు వేయిస్తాను. జీతం పెరుగుతుంది, ఉండేదానికి మంచి ఇల్లు ఇస్తారు."

చెడ్డపేరు తప్పిందనుకుంటే మంచిపేరు వచ్చి మీద పడింది. ఎలిశబెతక్క తల వంచుకుంది. పైవాళ్ల ముందు ఆమె ఏమంటుందో నాకు తెలుసు, "చిత్తం సార్" అంటుంది. హాస్టల్లో నేర్పిన మాట అది. దాన్ని దాటి ఆమె మాట్లాడగా నేను వినలేదు.

"సార్" అంది. "ఊహ తెలిసినప్పటి నుంచి ఎవరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయినాను. ఎందుకని అడగలేదు, పోనని అనలేదు. ఈసారి అంటుండాను. నాకు ఈ ఊళ్లో ఉండాలని ఉండాది. పంతుళ్లకు నేర్పాలంటే వాళ్లను ఇక్కడికి పంపండి. ఇసకలో కూసోబెట్టి నేర్పుతాను."

"పైకి పోయే దోవ వదులుకుంటున్నారు, తెలుసా?"

"తెలుసు సార్."

"నా సర్వీసులో ఇంత అర్థమయ్యేటట్టు ఎవరూ ఏమీ అడగలేదు. ఉండండి" అన్నాడు. నేను నల్లబల్ల వైపు తిరిగి, రాసి లేని అక్షరాలు తుడుస్తూ ఏడ్చాను. ఆమె పోతే ఆ ఊళ్లో నాకెవరున్నారు? నాకు ఆ భయం అంత ఉందని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ ట్రైనింగు పంతుళ్లు జంటలు జంటలుగా వచ్చి, ఓబయ్య పంచలో పడుకుని, ఇసకలో కూర్చుని మొద్దులయ్యారు. పోలేరమ్మ వాళ్లను తనివితీరా ఆ పేరుతోనే పిలిచేది. నాకు పెళ్లయి నేను వేరే ఊరికి పోయాను. అదంతా తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం పిల్లలంతా వెళ్లిపోయినా కామమ్మ మా పంచ వదల్లేదు. స్తంభం పట్టుకుని నిలబడింది.

"టీచరమ్మా, మీరు పోరు గదా?"

"పోను."

"మళ్లీ ఎవరన్నా వచ్చి పొమ్మంటే?"

"పోనని చెప్తాను."

"చెప్పినా పొమ్మంటే?"

"మళ్లీ చెప్తాను."

"మళ్లీ మళ్లీ పొమ్మంటా ఉంటే?"

ఎలిశబెతక్క నొసలు ముడుచుకుని ఆలోచించింది. "వాళ్లు పొమ్మనడం ఆపిందాకా చెప్తా ఉంటాను" అంది.

కామమ్మ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అందులో తప్పేమీ దొరకలేదు. ఇంటికి పోయింది.